వస పోశారా అని అడిగే ముందు

అమ్మలూ,

అంగన్‌వాడీ టీచర్‌గా చేరి నెల కాలేదు, అప్పుడే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) కింద పిల్లల్ని పరీక్షించే టీమ్ వస్తోందని టెన్షన్ పడుతున్నావట. మీ అమ్మ చెప్పింది. ఆ పథకం 2013లో మొదలైంది. టీమ్ మన సెంటర్లకి ఏడాదికి రెండుసార్లు రావాలి. ఒక్క పూటలో వాళ్ళకి ఎంత కనబడుతుంది? ఏ బిడ్డ దగ్గర కాసేపు ఆగాలో రోజూ చూసే నువ్వే చెప్పాలి.

"మాట్లాడుతున్నాడా?" అని తల్లిని అడక్కు. "ఆఁ, అన్నీ మాట్లాడతాడు" అనేస్తుంది. "దాహమేస్తే నీళ్ళు ఎలా అడుగుతాడు?" అను. చెయ్యి పట్టుకుని బిందె దగ్గరికి లాక్కెళ్తాడా, వేలు చూపిస్తాడా, "నీళ్ళు" అంటాడా, అప్పుడు బయటపడుతుంది. ఏడాదిన్నర నిండినా వేలితో ఏదీ చూపించకపోయినా, తనంతట తాను నడవకపోయినా, రెండేళ్ళకి "అమ్మా పాలు" అని రెండు మాటలు కలపకపోయినా రాసి పెట్టుకో. తల్లీబిడ్డల కార్డులో బొమ్మలతో సహా ఉంటాయివి. మనమే బరువు రాసి కార్డు మూసేస్తాం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి రెండేళ్ళ వరకూ ఆ తక్కువైన వారాలు తీసేసి వయసు లెక్కెయ్యి.

ఆకలి మీదున్న పిల్లాణ్ణీ, నిద్రమత్తులో ఉన్నవాణ్ణీ పరీక్షించకు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. మూడేళ్ళ పిల్లాడికి మాటల్లేవు. "వస పోశారా? వాళ్ళ నాన్నకీ ఆలస్యమేగా" అన్నాను. వెనక నుంచి పళ్ళెం మీద గరిటెతో కొడితే తిరిగాడు కూడా. గోడ మీద నా నీడ చూసి తిరిగాడని నాకు తట్టలేదు. వాడికి చెవుల మిషన్ పెట్టేసరికి ఇంకో ఏడాది పోయింది. నువ్వు నీడ పడని చోట నిలబడి మెల్లగా పేరు పెట్టి పిలువు. పలికినా సరే, మాటలు రాని బిడ్డని వినికిడి పరీక్షకి పంపాల్సిందే.

తల్లికి చెప్పేటప్పుడు బాలామృతం పంచే రోజు నలుగురిలో చెప్పకు. అత్తగారి ముందు అసలే వద్దు. జబ్బు పేరు మనం పెట్టకూడదు. "నడక కాస్త వెనకపడింది, జిల్లా ఆసుపత్రి డీఈఐసీలో చూపిద్దాం, డబ్బు కట్టక్కర్లేదు" అంటే చాలు. డీఈఐసీ అంటే పిల్లల ఎదుగుదల లోపాల్ని తొందరగా పట్టుకుని చికిత్స చేసే కేంద్రం.

చీటీ రాసిచ్చినా చాలామంది వెళ్ళరు. కూలి పోతుంది, మిర్చి కోతలప్పుడైతే మరీను. మొదటిసారి ఆశా వర్కర్‌ని తోడు పంపు. తిరిగొచ్చాక మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారో అడిగి నీ రిజిస్టర్‌లో రాసుకో.

నీ పెద్దమ్మ