ఫ్రెంచిలో ప్లూ-క్-పార్ఫే రూపాన్ని ఎలా కట్టాలి?

'అవ్వార్' అనే సహాయక క్రియను ఇంపార్ఫే కాలంలో (గతంలో సాగుతూ ఉన్న పనిని చెప్పే రూపంలో) ఉంచి, దాని పక్కన అసలు క్రియ భూతకృదంతాన్ని (పని అయిపోయిందని తెలిపే రూపాన్ని) చేర్చితే ప్లూ-క్-పార్ఫే వస్తుంది. గతంలో జరిగిన ఒక పనికి ముందే మరో పని పూర్తయిందని చెప్పడం దీని ప్రయోజనం. అందుకే కాలాన్ని సహాయక క్రియ మోస్తుంది, పని పూర్తయిన సంగతిని కృదంతం తెలుపుతుంది.

మాట్లాడటాన్ని తెలిపే 'పార్లే' నేను, నువ్వు, అతను, మేం, మీరు, వాళ్లు అనే వరుసలో ఇలా నడుస్తుంది: జవే పార్లే, త్యు అవే పార్లే, ఇల్ అవే పార్లే, ను జవియోఁ పార్లే, వు జవియే పార్లే, ఇల్ జవే పార్లే. నాలుగు చోట్ల 'అవే' ఒకేలా వినిపించినా రాతలో దానికి మూడు వర్ణక్రమాలు ఉన్నాయి కనుక, చెవిని నమ్మి రాయకూడదు. 'అరివే' (రావడం, చేరడం) వంటి కొన్ని గమన క్రియలకు మాత్రం 'అవ్వార్' బదులు 'ఎత్ర్' అనే మరో సహాయక క్రియ వస్తుంది.

1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం నుంచి సఖినేటిపల్లి రేవు దాకా, మన గోదావరి డెల్టాలో "పంటు (రేవు దాటించే పడవ) వచ్చేసరికే మేం తినేశాం" అంటాం. ఆ 'సరికే' చేసే పనిని ఫ్రెంచిలో క్రియారూపమే చేస్తుంది: "కాఁ ల బాక్ ఎతారివే, ను జవియోఁ మాఁజే." ఇక్కడ 'జవియోఁ' స్థానంలో 'అవ్వార్' వర్తమాన రూపమైన 'జవోఁ' పెడితే, పంటు వచ్చాక తిన్నామన్న అర్థం వచ్చేస్తుంది.

పేరులో 'ప్లూ' (ఎక్కువ) ఉంది కాబట్టి ఇది ఏనాటిదో సుదూర గతానికే చెల్లుతుందని చాలామంది పొరబడతారు. పంటు ఒడ్డుకు తగలడానికి రెండు నిమిషాల ముందు తిన్నా ఇదే రూపం వాడాలి.