కమ్రాలో కచేరీ

సందేహం: హనుమకొండలో మాది చిన్న కళాసంస్థ. రెండు సంగీత కార్యక్రమాలు తలపెట్టాం. ఒకటి మా సభ్యుల్లో ఒకరి ఇంట్లో, మైకు లేకుండా వీణ. రెండోది పాశ్చాత్య పద్ధతిలో రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో కలిపి వాయించేది. దీన్ని చాంబర్ మ్యూజిక్ అంటారట. ఆహ్వానపత్రంలో దాన్ని ‘మందిర సంగీతం’ అందామని ఒకరు, ‘గది సంగీతం’ అని ఇంకొకరు, ‘బృంద సంగీతం’ అని మరొకరు అంటున్నారు. రెండింటికీ కలిపి ‘ఆత్మీయ సంగీత సమ్మేళనం’ అనే శీర్షిక అనుకున్నాం. కచేరీ అంటే సర్కారు ఆఫీసు కదా, ఆ మాట వద్దని మా పెద్దాయన పట్టుబడుతున్నారు. ఏది సరైనది? ‘కచేరీ ఇచ్చారు’ అనవచ్చా?

సమాధానం: మీ పెద్దాయన మాట తీసిపారేయదగింది కాదు. తహసీలు కచేరి చుట్టూ తిరిగిన తరానికి ఆ మాట వినగానే దస్త్రాలు, బంట్రోతులే కళ్లముందు మెదులుతారు. హిందీ, ఉర్దూల్లోని ‘కచహరీ’ దీనికి మూలం. న్యాయస్థానం, ప్రభుత్వ కార్యాలయం దాని అర్థాలు. అయితే నలుగురు కొలువుతీరే చోటి పేరు, అక్కడ జరిగే పాటకు పేరు కావడం వింతేమీ కాదు. మన ‘కొలువు’నే చూడండి. రాజుగారి సభగా మొదలై నెలజీతం ఉద్యోగం దాకా వచ్చింది. ‘దర్బారు’ ఏకంగా ఒక రాగమైపోయింది. కర్ణాటక సంగీతం పాడేవారూ వినేవారూ కచేరీని సొంతం చేసుకుని తరాలు గడిచాయి. తమిళంలోనూ ఈ మాటకు ఆఫీసు, సంగీత సభ అనే రెండర్థాలూ ఉన్నాయి. తికమక వస్తుందనుకునేవారి కోసం తెలుగులో ‘పాటకచేరీ’ అనే చక్కని సమాసం ముందే ఉంది. మీది వీణ గనుక ‘వీణ కచేరీ’ అనండి. పహాణీ నకలు కావాలంటూ అక్కడికి ఎవరూ రారు.

‘వీణా కచేరీ’ అని దీర్ఘం ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. వీణావాదనంలో ఆ దీర్ఘానికి చోటుంది, ఎందుకంటే రెండూ సంస్కృత పదాలే. కచేరీ సంస్కృతం కాదు కాబట్టి ‘వీణ కచేరీ’ అనడమే తెలుగుకు సహజం. కచేరి, కచేరీ రెండూ వాడుకలో ఉన్నాయి. ఒకే పత్రంలో రెండు రకాలుగా రాయకుంటే చాలు.

ఇక రెండో కార్యక్రమం. ‘మందిర సంగీతం’ వినడానికి గంభీరంగానే ఉంది. మందిరమంటే సంస్కృతంలో ఇల్లు కూడా కాబట్టి నిఘంటువు ప్రకారం తప్పు పట్టలేం. కానీ నేటి తెలుగు పాఠకుడికి మందిరం అంటే గుడి. పత్రం అందుకున్నవారు భజన అనుకుని తాళాలు పట్టుకుని వచ్చినా మీరు కాదనలేరు. అసలు చిక్కు అంతకంటే పెద్దది. పదిహేడో శతాబ్దపు ఇటలీలో సొనాటాలను, అంటే వాద్యాల కోసం రాసిన రచనలను, రెండు తెగలుగా చెప్పేవారు. చర్చిలో వాయించేవి ‘ద కియేజా’, గదిలో వాయించేవి ‘ద కామెరా’. అంటే గుడి సంగీతం కాదని చెప్పడానికి పుట్టిన పేరును మీవాళ్లు గుడి సంగీతంగా అనువదించారన్నమాట.

‘గది సంగీతం’ ఆ పొరపాటు చేయదు గానీ, విడ్డూరంగా ఉంటుంది. తలుపులు వేసుకుని చేసే సాధనేమో అనిపిస్తుంది. పైగా పేరులో గది ఉన్నా ఈ సంగీతానికి గుర్తు గది కాదు. ఒక్కో స్వరభాగానికి ఒక్కరే వాయిద్యకారుడు ఉండటం, చేతికర్ర పట్టుకుని నడిపించే సంచాలకుడు లేకపోవడం దీని లక్షణాలు. పద్దెనిమిదో శతాబ్దంలో ఆస్ట్రియా స్వరకర్త హైడన్ చేతిలో నిలదొక్కుకున్న చతుర్వాద్య రచనలన్నీ ఈ తీరువే. ఆ నలుగురినే రేపు కాళోజీ కళాక్షేత్రం వేదికపై కూర్చోబెట్టినా వారు వాయించేది చాంబర్ సంగీతమే అవుతుంది. గది సంగీతం అని రాస్తే మాత్రం అంత పెద్ద హాలును గది అని బుకాయించాల్సి వస్తుంది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పక తప్పదు. గదిని మన ఊళ్లలో అర్ర అంటారు, కమ్రా అని కూడా అంటారు. ఈ కమ్రా ఉర్దూ నుంచి మనకొచ్చింది, ఉర్దూ హిందీలకు పోర్చుగీసు ‘కామర’ నుంచి వచ్చింది. దానికి మూలం లాటిన్ ‘కామెరా’. ఇటలీవారి ‘కామెరా’ దాని నుంచి పుట్టిందే, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరిన ‘చాంబర్’ కూడా దాని బిడ్డే. ఫోటోలు తీసే కెమెరాదీ అదే ఇంటిపేరు. ఆ లెక్కన చాంబర్ సంగీతాన్ని ‘కమ్రా సంగీతం’ అంటే వ్యుత్పత్తి చక్కగా కుదురుతుంది. అయినా మీ పత్రానికి దాన్ని సిఫారసు చేయను. వ్యుత్పత్తి కుదిరిన ప్రతి మాటా జనం నోట నిలవదు.

‘బృంద సంగీతం’ మంచి మాటే, కొలత సరిపోదు. ఓరుగల్లులో గణపతిదేవుడు ఏలుతున్న కాలంలో పొరుగున దేవగిరి యాదవుల కొలువులో ఉన్న శార్ఙ్గదేవుడు, సంగీతరత్నాకరంలో బృందాలను ఉత్తమం, మధ్యమం, కనిష్ఠం అని విభజించాడు. ఉత్తమ బృందంలో నలుగురు ప్రధాన గాయకులు, ఎనిమిది మంది సహగాయకులు, పన్నెండుమంది గాయనులు, నలుగురు వేణువు ఊదేవారు, నలుగురు మృదంగం వాయించేవారు ఉండాలి. మొత్తం 32 మంది! నేటికీ బృందగానం అంటే వరసలుగా నిలబడి పాడే దృశ్యమే తోస్తుంది. నలుగురికి ఆ పేరు వదులైన చొక్కాయే.

కాబట్టి ‘చాంబర్ సంగీతం’ అని పెద్దక్షరాలతో వేసి, కింద ‘తంత్రీవాద్య చతుష్టయం’ అని రాయండి. చాంబర్ అనే మాట వరంగల్‌కు కొత్త కాదు. న్యాయమూర్తి చాంబర్, వ్యాపారుల చాంబర్ అందరికీ తెలుసు. చతుష్టయం అనగానే దుష్టచతుష్టయం గుర్తొస్తుందేమోనని జంకకండి. అంతఃకరణ చతుష్టయం కూడా ఉంది.

మొదటి కార్యక్రమానికి చాంబర్ తగిలించకండి. గాత్రం, వయొలిన్, మృదంగం, తంబురాతో నలుగురైదుగురు కూర్చునే మన కచేరీ మొదటి నుంచీ చిన్నదే. మైకులు, పెద్ద హాళ్లు తర్వాత వచ్చాయి. వీణ సంగతి మరీను. తీగను మీటి, దండిపై అడ్డంగా ఉండే మెట్టు మీదే పక్కకు లాగినప్పుడు నాదం సన్నగిల్లుతూనే పై స్వరాన్ని తాకి వెనక్కి వస్తుంది. తీగ మెట్టుకు రాసుకునే చప్పుడు సహా అది వినాలంటే దగ్గరగా కూర్చోవాల్సిందే. పెద్ద హాల్లో మైకు లేకపోతే వెనక వరసలకు అది చేరదు. ‘ఇంటి కచేరీ’ అంటే ఈ సొగసంతా పలుకుతుంది. ఎప్పుడైనా హిందుస్తానీ పెడితే ‘బైఠక్’ అనండి. అది మనకు పరాయి మాట కాదు.

వీణకు మృదంగం ఉంటే ‘పక్కవాద్యం’ అని రాయండి. ‘సహకార వాద్యం’ అంటే సహకార సంఘం వాసన వస్తుంది. చతుష్టయంలో మాత్రం ఈ మాటకు చోటు లేదు. అక్కడ ఎవరూ ఎవరికీ పక్కవాద్యం కారు. వయోలా, చెల్లో వాయించేవారి పేర్లు మొదటి వయొలిన్ పక్కనే, అదే అక్షరాల సైజులో వేయండి.

‘ఆత్మీయ సమ్మేళనం’ వద్దే వద్దు. మన జిల్లాల్లో ఎన్నికల ముందు పార్టీలు ఆ మాటను అరగదీశాయి. పత్రం చూసినవారు ముందుగా భోజనాల ఏర్పాటు గురించి అడుగుతారు.

‘కచేరీ ఇచ్చారు’ అనేది ఇంగ్లీషు నుంచి పత్రికలు తెచ్చిన తీరు. ‘ప్రదర్శన ఇచ్చారు’ ఎలాగూ స్థిరపడింది గనుక దీన్నీ తప్పని గొడవకు దిగను. కానీ విద్వాంసుల నోట వినిపించేది ‘కచేరీ చేశాను’ అనే. మీ నివేదికలో కూడా వీణకు ‘కచేరీ చేశారు’ అని రాయండి. చతుష్టయానికి ఆ తంటా కూడా లేదు, ‘వాయించారు’ అంటే సరిపోతుంది.