అనంతపురంలో ఉండి సెకండ్ హ్యాండ్ జపాన్ ఆర్చ్‌టాప్ గిటార్ (పైచెక్క వంపుగా ఉబ్బి ఉండేది) కొనాలంటే ఏం చూడాలి?

ముందు బ్రిడ్జి, అంటే పైచెక్క మీద తీగలను మోసే ముక్క, చూడండి. ఆర్చ్‌టాప్‌లో దాన్ని అతికించరు, తీగల ఒత్తిడికే నిలబడుతుంది. దాని ఎత్తు సర్దే చక్రాలు పూర్తిగా కిందికి దించినా తీగలు ఎత్తుగానే ఉన్నాయంటే మెడ కోణం మారినట్టే. ఆ రిపేరు చాలా ఖరీదు, వదిలేయండి. చక్రాలు మరీ పైకి లేపి ఉంటే పైచెక్క కుంగిందేమోనని అనుమానించాలి. పైచెక్కను వేలితో తట్టినప్పుడు గరగరమంటే దాన్ని లోపలినుంచి మోసే బద్ద ఊడి ఉండొచ్చు.

1వ, 14వ ఫ్రెట్ల (మెడ మీది లోహపు పట్టీల) దగ్గర తీగను నొక్కిపట్టి, 7వ ఫ్రెట్‌కీ తీగకీ మధ్య సందు చూడండి, 0.2–0.3 మి.మీ. ఉంటే చాలు. ట్రస్ రాడ్ (మెడ వంపు సర్దే లోపలి ఇనుప కడ్డీ) తిరగకపోతే బేరమే వద్దు.

1980ల తొలినాళ్ల జపాన్ ఐబనెజ్ కంపెనీ గిటార్ల సీరియల్ నంబర్‌లో మొదటి అక్షరం నెల, తర్వాతి రెండంకెలు ఏడాది: హెచ్81 అంటే 1981 ఆగస్టు.

మన ఎండలకు సాలిడ్ చెక్క ఎండి పగులుతుంది, లామినేట్ (పొరలు అతికించిన) పైచెక్కే నయం. ఏ గిటారైనా దాని పెట్టెలోనే ఉంచి, తేమ 45–55 శాతం ఉండేలా చూసుకోండి.

కొరియర్‌లో వస్తే బ్రిడ్జి జరిగి ఉంటుంది. 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం), నొక్కిన స్వరం ఒకటయ్యేదాకా బ్రిడ్జిని సర్దండి. తీగలు మార్చేటప్పుడు మాత్రం ఒక్కొక్కటే, అన్నీ ఒకేసారి విప్పారో బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది.