కొనడమా, తీసుకోవడమా?

సందేహం: 'నిర్ణయం తీసుకున్నారు', 'స్నానం తీసుకున్నాను', 'ఈ పని రెండు గంటలు తీసుకుంటుంది' వంటి వాక్యాలన్నీ ఇంగ్లీషు 'టేక్'కు నకళ్లేనని నా మిత్రుడు వాదిస్తున్నాడు. ఇవి తప్పులేనా? అసలు 'టేక్'కు తెలుగులో సరైన మాట ఏది?

సమాధానం: మీ మిత్రుడి వాదన ముప్పాతిక పాళ్లు నిజం. మిగిలిన పాతిక సంగతి తరవాత చూద్దాం. ముందు మీ రెండో ప్రశ్న. 'టేక్'కు తెలుగులో సరైన మాట ఒకటి ఉండితీరాలని అనుకోవడంలోనే చిక్కు మొదలైంది. నిఘంటువు తెరవగానే మొదట కనిపించిన అర్థాన్ని పట్టుకొని వాక్యమంతా నడిపించడం ఈనాటి అనువాదకులకు అలవాటైపోయింది. అందుకే 'తీసుకొను' అనే అమాయకపు క్రియ మీద ఇంత బరువు పడింది.

'తీసుకొను'లో ముందున్నది 'తీయు'. లాగడం, బయటికి తేవడం, ఉన్నచోటు నుంచి తొలగించడం దాని పని. అల్మరాలోంచి పుస్తకం తీసుకుంటాం, బాగానే ఉంది. స్నానాన్ని ఎక్కడినుంచి తీస్తాం? తీశాక ఎక్కడ పెట్టుకుంటాం?

అసలు సరుకు వెనకనున్న 'కొను'లో ఉంది. ఈనాటి పాఠకుడికి 'కొను' అంటే డబ్బిచ్చి కొనడమే. ఒకప్పుడు అది చేపట్టడం, గ్రహించడం, పొందడం అన్నింటికీ చెల్లిన మాట. తమిళంలో 'కొళ్', కన్నడంలో 'కొళ్ళు' దీని తోబుట్టువులు. మన మాటలో చివరిది నకారం కదా, ళకారంతో చుట్టరికమెలా అని అడగవచ్చు. మేల్కొను - మేలుకొలుపు, పురికొను - పురికొలుపు, నెలకొను - నెలకొలుపు: ఈ జంటలను పక్కపక్కన పెట్టి చూడండి. 'కొను'లో దాగిన లకారం 'కొలుపు'లో తల ఎత్తుతుంది. కొనుగోలు, వీడుకోలు, ఒప్పుకోలు, వేడుకోలు అన్నింటి చివరా ఉన్న 'కోలు' కూడా ఇదే. వీడుకోలు సభకు వెళ్లివచ్చేవారిలో ఎందరికి ఆ మాట చివర 'కొనడం' ఉందని తెలుసో!

ఈ కుటుంబాన్ని మనం ఎంత మరిచామో చెప్పడానికి ఒక్క మాట చాలు. 'పాలు' అంటే వాటా. దాన్ని కొనడం, అంటే అందుకోవడం, 'పాల్గొనడం'. ఇంగ్లీషువారి 'టేక్ పార్ట్' కూడా అచ్చం ఇదే కట్టుబడి. ఇంత చక్కని మాట చేతిలో ఉండగా 'చర్చలో భాగం తీసుకున్నారు' అని రాసే వారున్నారు. పేరు కొంటే పేర్కొనడం, ఆకలి మనిషిని పట్టుకుంటే ఆకొనడం. సుమతీ శతకం 'ఆకొన్న కూడె యమృతము' అన్నది అందుకే.

ఇక మరో క్రియ వెంట నడిచినప్పుడు 'కొను' చేసే పని మరీ ముచ్చటైనది. వండడం ఎవరికోసమైనా కావచ్చు, వండుకోవడం మాత్రం తనకే. సంస్కృతం 'పచతి' (ఇతరులకోసం వండుతాడు), 'పచతే' (తనకోసం వండుకుంటాడు) అని క్రియ చివరి ప్రత్యయాలు మార్చి పరస్మైపద ఆత్మనేపదాలతో సాధించిన భేదాన్ని మనం ఒక్క చిన్న ధాతువుతో సాధించాం. దీని రుచి తెలియాలంటే పోతన దగ్గరికి వెళ్లాలి. (మీరు వెళ్లమనకపోయినా నేను వెళ్లేవాణ్నే.) వామనుడికి దానమివ్వవద్దని శుక్రాచార్యుడు వారిస్తే బలి చక్రవర్తి 'కారే రాజులు' అని మొదలుపెట్టి, 'వారేరీ సిరి మూటగట్టుకొని పోవం జాలిరే' అని అడుగుతాడు. ఇందులోంచి 'కొని'ని తొలగించి చూడండి. 'మూటగట్టి' అంటే మూట మాత్రమే కనిపిస్తుంది. 'మూటగట్టుకొని' అనేసరికి మూటను గుండెకు హత్తుకున్న మనిషి కూడా కనిపిస్తాడు. ఆ లోభమంతా రెండక్షరాలలో ఉంది.

ఆ ఘట్టంలోనే బలి మరో మాటంటాడు. లక్ష్మీదేవి కొప్పు మీద తిరిగిన విష్ణువు చేయి 'క్రిందగుట మీదై నా కరంబుంట మేల్ గాదే' అని. ఇచ్చే చేయి పైన, పుచ్చుకొనే చేయి కింద. తెలుగు క్రియలు కూడా చేయి ఎక్కడుందో చెబుతాయి. ఇస్తే పుచ్చుకుంటాం, చాపితే అందుకుంటాం, ఇవ్వకపోతే లాక్కుంటాం, మరీ తెగిస్తే దోచుకుంటాం. ఇష్టంగా అయితే చేకొంటాం, గైకొంటాం. ఇన్ని చేతులనూ కట్టేసి అంతటా 'తీసుకొను' అనడం పొదుపు కాదు, పేదరికం.

ఇంగ్లీషును మాత్రం నిందించకండి. పాత ఇంగ్లీషులో తీసుకోవడానికి 'నిమన్' అనే మాట ఉండేది. జర్మనులు నేటికీ 'నేమెన్' అంటున్నారు. ఉత్తరాది సముద్రాల మీదుగా వచ్చిన స్కాండినేవియన్ల 'టాకా' దాన్ని నెట్టేసి 'టేక్' అయి కూర్చుంది. తీసుకోవడమనే మాటనే వారు ఇతరుల నుంచి తీసుకున్నారన్నమాట! పాత మాట ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి. తిమ్మిరికి వారు వాడే 'నమ్' ఆ 'నిమన్' బిడ్డే. ఏదో ఆవహించి పట్టేసిన స్థితి అని దాని తొలి అర్థం. మన 'ఆకొను' గుర్తుకు రావడం లేదూ?

ఇక మీ ఉదాహరణలు. స్నానం చేస్తాం, భోజనం చేస్తాం, బస్సు ఎక్కుతాం, పరీక్ష రాస్తాం, ప్రమాణం చేస్తాం, జాగ్రత్త పడతాం. వీటిలో తీయడానికీ తీసుకోవడానికీ ఏమీ లేదు. పనికి రెండు గంటలు 'పడుతుంది'. ఈ అర్థంలో 'టేక్'కు దీటైనది 'పట్టు' ఒక్కటే. 'సమయం తీసుకుంటుంది' అని వార్తల్లో విన్నప్పుడల్లా నా చెవికి ముల్లు గుచ్చుకుంటుంది.

మిగిలిన పాతిక 'నిర్ణయం తీసుకొను' దగ్గరుంది. 'నిర్ణయించు' ఉండగా ఇదెందుకని నేనూ చాలాకాలం కస్సుమన్నవాణ్నే. అయితే 'తేదీ నిర్ణయించారు' అన్నప్పుడు దృష్టి తేదీ మీద ఉంటుంది. 'కఠినమైన నిర్ణయం తీసుకున్నారు' అన్నప్పుడు ఆ నిర్ణయం వారి నెత్తిన పడిన సంగతి కొంత ధ్వనిస్తుంది. అది ఆ 'కొను' చలవే కావచ్చు. కాబట్టి దీన్ని తప్పనలేను. ఒప్పని మాత్రం నా కలంతో రాయను. 'చర్యలు తీసుకొను' కూడా ఇలాంటిదే. 'చేపట్టు' ఉంది కనుక నేను దానితోనే సరిపెట్టుకుంటాను. 'సెలవు తీసుకొను'కు ఏ దోషమూ లేదు, పెద్దల దగ్గర సెలవు పుచ్చుకోవడం మనకు పాతదే.

ఫోటో విషయం మీరు అడగలేదు, అయినా చెబుతాను. ఇతరులను తీస్తే 'ఫోటో తీశాను', ఇతరులచేత అయితే 'తీయించుకున్నాను'. 'ఫోటో తీసుకున్నాను' అనడానికి సెల్ఫీ వచ్చేదాకా పెద్దగా పని ఉండేది కాదు. ఇప్పుడు దొరికింది.