రిటైరయ్యాక గ్రాట్యుటీలో కోత పెడతామంటున్నారు, ఒప్పుకోవాలా?

ప్రశ్న: ఒంగోలులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్‌గా చేసి మొన్ననే రిటైరయ్యాను. పన్నెండేళ్ల కిందట నాకు ఇంక్రిమెంట్ ఒకటి ఎక్కువ వేశారని ఇప్పుడు ఆడిట్‌లో బయటపడిందట. 2,38,000 రూపాయలు గ్రాట్యుటీలో పట్టుకుంటామని నోటీసు ఇచ్చారు. కట్టాల్సిందేనా?

జవాబు: టెన్షన్ పడకండి, అలాగని నోటీసు బీరువాలో పెట్టి ఊరుకోకండి కూడా. జీతం తప్పుగా ఫిక్స్ చేసి ఉంటే దాన్ని సరిచేసి, సరైన బేసిక్ మీద పెన్షన్ కట్టే హక్కు ప్రభుత్వానికి ఉంది, అక్కడ మీరు పెద్దగా గెలవలేరు. కానీ ఇన్నేళ్లూ మీ చేతికొచ్చి, పిల్లల ఫీజులకూ ఇంటి ఖర్చులకూ అయిపోయిన డబ్బు వెనక్కి లాగడం వేరే సంగతి. పంజాబ్ వర్సెస్ రఫీక్ మసీహ్ కేసులో 2014లో సుప్రీంకోర్టు ఎప్పుడెప్పుడు రికవరీ చేయకూడదో చెప్పింది: ఉద్యోగి గ్రూప్ సి, డి (గుమాస్తాలు, అటెండర్ల వంటి కింది స్థాయి) వాడైతే, రిటైరైతే లేదా ఏడాదిలో రిటైరయ్యేవాడైతే, ఎక్కువ చెల్లింపు ఐదేళ్లు దాటి సాగితే. మీ ఉద్యోగం గ్రూప్ సి కిందికే వస్తుంది కాబట్టి మూడూ మీకు పనికొస్తాయి.

ఇలా ఎక్కువగా చెల్లించింది ప్రజల పన్నుల సొమ్మేనని అదే కోర్టు 2012లో ఇంకో కేసులో గట్టిగానే చెప్పింది, కాదనను. కాకపోతే లెక్క తప్పిన గుమాస్తా జేబులోంచీ, చూడకుండా సంతకం పెట్టిన అధికారి జేబులోంచీ పైసా పోదు చూశారా, నాకు ఒళ్లు మండేది అక్కడే.

మీ కేసులో అసలు చిక్కు ఒక కాగితం. పీఆర్సీ (వేతన సవరణ) వచ్చినప్పుడు ఇచ్చిన ఆప్షన్ ఫారం మీద, ‘ఎక్కువ చెల్లించినట్టు తేలితే తిరిగి కడతాను’ అన్న లైను కింద చదవకుండానే సంతకం పెట్టారా? 2016లో హర్యానా జడ్జి ఒకాయన సుప్రీంకోర్టులో ఓడిపోయింది అలాంటి హామీపత్రం వల్లే. పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద మీ సర్వీస్ రిజిస్టర్ నకలు మొత్తం అడగండి, ఆ ఫారం అందులోనే అతికించి ఉండొచ్చు. తప్పుడు సమాచారం ఇచ్చి మీరే ఆ ఇంక్రిమెంట్ తెచ్చుకున్నట్టు తేలినా ఈ రక్షణ దొరకడం కష్టం.

నకలు వచ్చేదాకా ఆగకుండా నోటీసుకు జవాబు రాసి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. దాన్ని పట్టించుకోకుండా పట్టుకుంటే అమరావతిలో హైకోర్టులో రిట్ వేయాలి, రాష్ట్ర ఉద్యోగుల కేసులు వినే ట్రిబ్యునల్ ఇప్పుడు లేదు. ఈలోగా ‘రికవరీకి సమ్మతమే’ అని ఎవరైనా కాగితం తెస్తే, పెన్షన్ త్వరగా వస్తుందని ఆశపెట్టినా సరే, సంతకం పెట్టకండి.