జవాబుకు వేరే దారి ఉంచు

చిట్టితల్లీ,

ఎం.టెక్. ప్రాజెక్టుకు పదహారు కోర్ల చిప్‌లో కోర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నెట్‌వర్కు కడుతున్నావని మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను. నీ ప్లాను చదివాక మాత్రం నిద్ర పట్టలేదు. "ఎక్స్-వై రూటింగ్ కాబట్టి డెడ్‌లాక్ రాదు" అని రాశావు, అంటే ప్యాకెట్లు ఒకదాని కోసం ఒకటి ఆగి అన్నీ నిలిచిపోయే చిక్కు ఉండదని. అచ్చం ఆ మాటే ఒకప్పుడు నేనూ రాశాను.

గళ్ళగళ్ళుగా రూటర్లను కలిపిన మెష్ బాగుంది. క్రెడిట్ల లెక్క, అంటే ప్యాకెట్లు ఆగే అవతలి బఫర్లో ఎన్ని ఖాళీలున్నాయన్న లెక్క, రెండుసార్లు చూసుకో. పవర్ సంగతి చివరికి నెట్టేయకు: 2007లో ఇంటెల్ చూపిన 80 కోర్ల చిప్‌లో ఒక్కో టైలు (కోరు, దాని రూటరు కలిపి) పవర్‌లో దాదాపు 28 శాతం నెట్‌వర్కుకే పోయింది.

ఇక నా సంగతి. తీగలు లాగడం మానేసి ప్యాకెట్లు పంపుదామని డాలీ, టౌల్స్ 2001లో రాసిన పేపరు చదివి ఊగిపోతున్న రోజులు. ఎక్స్-వైలో లాగా ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా వెళ్తే రూటర్ల మధ్య ఒకదాని కోసం ఒకటి ఆగే చక్రం పడదు. నిజమే. కానీ రిక్వెస్టులకీ జవాబులకీ ఒకే బఫర్లు ఇచ్చాను. రెండు టైళ్ళు ఒకదాన్నొకటి డేటా అడిగాయి. ఇవతలి జవాబు ఇవతలి రిక్వెస్టుల వెనక ఇరుక్కుంది, అవతలా అంతే. జవాబు కదిలితే తప్ప కొత్త రిక్వెస్టు తీసుకోనని రెండూ భీష్మించాయి. పెళ్ళిలో తిన్నవాళ్ళు లేచి బయటికి రావాలి. గుమ్మం నిండా రెండో బంతివాళ్ళు!

సిమ్యులేషన్‌లో ఎందుకు దొరకలేదంటావా? నేను రాసిన నకిలీ మెమరీ ఏది పంపినా మింగేసేది. అసలు చిప్ వచ్చాక, కాసేపు నడిచి మీటరులో కరెంటు టక్కున పడిపోయింది. క్లాకు కొట్టుకుంటూనే ఉంది, పని ఆగిపోయింది. తప్పు పట్టుకోవడానికి తొమ్మిది రోజులు ల్యాబులోనే ఉన్నాను. నీ బారసాల ఆ వారమే. మేనమామనై ఉండి రాలేదని మీ అమ్మ నేటికీ దెప్పుతుంది.

అందుకే చెబుతున్నాను, విసుక్కోకు. జవాబులకు వేరే వర్చువల్ చానల్, అంటే అవే తీగల మీద విడి బఫర్లు, ఇవ్వు. జవాబు దిగడానికి చోటు దాచుకున్నాకే రిక్వెస్టు పంపించు. నీ టెస్టుబెంచిలో మెమరీ చేత అప్పుడప్పుడూ "ఇప్పుడు కాదు" అనిపించు, వందల సైకిళ్ళు మొరాయించనివ్వు. రాత్రి రెండింటికి మెయిల్ పంపావు, అదేం చదువు? నిద్రపో.

బ్లాకు డయాగ్రమ్ పెద్ద కాగితం మీద గీసి పంపు. రిక్వెస్టుల దారి ఎరుపు, జవాబులది నీలం. ఈ మధ్య సన్నగీతలు నా కంటికి ఆనడం లేదు.

మామయ్య