డబ్బు ముందే నా ఖాతాలో పడితే, పాత లాప్‌టాప్ అమ్మడంలో ఇంకా ప్రమాదమేముంది?

మీ ప్రశ్న నాకర్థమైనంతవరకు ఇది: లాప్‌టాప్ అమ్మకానికి పెట్టారు. ఒకాయన బేరమాడకుండా ఒప్పుకున్నాడు. డబ్బంతా ముందే ఆన్‌లైన్‌లో వేసి, తీసుకెళ్లడానికి వేరే మనిషిని పంపిస్తానంటున్నాడు. డబ్బు పడ్డాకే కదా వస్తువు ఇచ్చేది, ఇక పోయేదేముంది అంటున్నారు.

పోయేది ఉందండి. పాత కెమెరాలు, లెన్సులు కొంటూ అమ్ముతూ ఉంటాను కాబట్టి చెబుతున్నాను. డబ్బు పడిందా లేదా అని చూసుకుంటే సరిపోదు. పడిన డబ్బు మళ్లీ వెనక్కి పోతుందా, అసలు అది ఎవరి డబ్బు అన్నవి కూడా చూసుకోవాలి.

అందరికీ తెలిసిన మోసాల గురించి ఎక్కువ చెప్పను. స్క్రీన్‌షాట్ నమ్మొద్దు. డబ్బు పంపినట్టు టిక్కు మార్కుతో సహా చూపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి. ఎస్సెమ్మెస్ కూడా ఎవరైనా టైపు చేసి పంపొచ్చు. మీ బ్యాంకు యాప్ మీరే తెరిచి చూసుకోండి. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్‌తో పనిలేదు, క్యూఆర్ స్కాన్ చేయాల్సిన పనీ లేదు. డబ్బు అందుకోవడానికని పిన్ అడుగుతోందంటే డబ్బు మీ ఖాతాలోంచి పోబోతోందనే. కొరియర్ సంస్థ పేరుతో లింకు పంపి, సొమ్ము జమ కావాలంటే కార్డు నంబరు, ఓటీపీ ఇవ్వమంటే అదీ ఈ కోవలోదే.

డబ్బు నిజంగానే వచ్చి పడే మోసం వేరే ఉంది. నాకు దీనికే ఎక్కువ భయం, ఎందుకంటే ఇందులో బ్యాలెన్స్ చూసుకున్నా ఏమీ తేడా కనిపించదు.

ఒకసారి లెన్సు అమ్మకానికి పెట్టాను. చాట్‌లో మాట్లాడింది ఒకతను. డబ్బు మాత్రం ఒక ఆడమనిషి పేరు మీద వచ్చింది. అడిగితే "మా వదిన ఖాతా అన్నా, మా కుర్రాడు బయల్దేరాడు, లెన్సు ఇచ్చెయ్" అన్నాడు. డబ్బు పంపినావిడకి ఆ పేమెంట్ యాప్‌లోనే మెసేజ్ పెట్టే వీలుంది. "ఇది దేనికి పంపారండీ?" అని అడిగాను. వెంటనే జవాబొచ్చింది: "లెన్సుకే కదా సార్. కొరియర్ ఎప్పుడు వేస్తున్నారు?"

ఆవిడ చూసిన ప్రకటన ఫొటో పంపమన్నాను. అందులో నా లెన్సే ఉంది. కింద మా టేబుల్ మీది గళ్ల గుడ్డ, హుడ్ (లెన్సు ముందు తొడిగే తొడుగు) మీద నేను ప్రత్యేకంగా దగ్గర్నుంచి ఫొటో తీసిన గీత, అన్నీ నావే. ధర మాత్రం నేను పెట్టినదానికన్నా తక్కువ. అతను నా ఫొటోలతో ఇంకో ప్రకటన వేసి, నా యూపీఐ ఐడీ ఆవిడకి ఇచ్చాడన్నమాట. ఆవిడ డబ్బు నాకు, నా లెన్సు అతనికి. తర్వాత ఆవిడ ఫిర్యాదు చేస్తే లెక్కల్లో కనిపించే పేరు నాది ఒక్కటే, అతను ఎక్కడా ఉండడు. ఆ డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చిందో అదే ఖాతాకి తిప్పి పంపేశాను. అతనికి కుదరదని చెప్పగానే నన్ను బ్లాక్ చేశాడు.

ఇండియాలో అయితే ఇలాంటి ఫిర్యాదు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి వెళ్లాక, సొమ్ము చేరిన ఖాతాలో ఆ మొత్తాన్ని ఆపుతారు. ఒక్కోసారి ఖాతా మొత్తం స్తంభించిపోతుంది. నేను అమ్మినవాణ్ణే, మోసగాణ్ణి కాదని నిరూపించుకునే తిప్పలు మనవే.

మీ బేరం తీరు చూస్తే నాకదే అనుమానం. బేరమాడకపోవడం తప్పేం కాదు గానీ, ముందే డబ్బు, రాబోయేది వేరే మనిషి, ఈ రెండూ కలిస్తే మాత్రం ఆగాలి. వచ్చిన మనిషి లాప్‌టాప్ ఆన్ చేసి చూసుకున్నాక, మీ ఎదుటే, తన ఫోన్లోంచి, తన పేరున్న ఖాతా నుంచి వేయమనండి. అందుకు కుదరదంటే వదిలేయండి.

"పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది ఈ నంబరుకి వేయండి" అన్నా అంతే. వేరే నంబరుకి పైసా పంపకండి. బ్యాంకుకి చెప్పి, వచ్చిన దారినే పంపించండి. బ్రెజిల్‌లో పిక్స్ అని 2020లో మొదలైన తక్షణ చెల్లింపు పద్ధతి ఉంది. మోసపోయినవాళ్ల సొమ్ము తిరిగి రాబట్టడానికి 2021లో దానికో ఏర్పాటు జోడించారు. అక్కడి మోసగాళ్లు దాన్ని కూడా వాడుకున్నారు. పొరపాటున పంపామని బతిమాలి వేరే ఖాతాకి డబ్బు వేయించుకుంటారు, ఆపైన మొదటి చెల్లింపు మీదే మోసం జరిగిందని ఫిర్యాదు పెడతారు. అది నెగ్గితే అమాయకుడికి రెండుసార్లు పోతుంది. తెలివితేటలకి మాత్రం లోటు లేదు!

కార్డు, పేపాల్ (ఆన్‌లైన్‌లో డబ్బు పంపే సేవ) లాంటివైతే చిక్కు ఇంకో రకం. యూపీఐలో పంపినవాడు తనంతట తాను డబ్బు వెనక్కి లాక్కోలేడు. కార్డు చెల్లింపుని మాత్రం కొన్నవాడు తన బ్యాంకు ద్వారా ప్రశ్నించవచ్చు, వీసా, మాస్టర్‌కార్డ్‌లలో చాలా రకాల ఫిర్యాదులకి గడువు 120 రోజులు. పేపాల్‌లో వివాదం లేవనెత్తడానికి 180 రోజులు. వస్తువు అందలేదని కొన్నవాడంటే పేపాల్ మిమ్మల్ని అడిగేది ట్రాకింగ్ రుజువు. చేతికిచ్చిన వస్తువుకి అదెక్కడిది? అందుకే ఎదురుగా వచ్చి తీసుకెళ్లేవాళ్ల దగ్గర నేను పేపాల్ ఒప్పుకోను. కొందరు "ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ" (పేపాల్‌లో అయినవాళ్లకి డబ్బు పంపే పద్ధతి) కింద పంపించుకుని, ఇక డబ్బు వెనక్కి పోదని ధీమాగా ఉంటారు. అమ్మకాలకి దాన్ని వాడకూడదన్నది పేపాల్ నియమమే. పైగా పంపిన ఖాతా దొంగిలించినదని తేలితే ఆ సొమ్మూ వెనక్కి పోవచ్చు.

చెక్కు గురించి ఒక్కమాట. ఖాతాలో మొత్తం కనబడినంత మాత్రాన చెక్కు పాసైనట్టు కాదు. అమెరికాలో ఉన్నవాళ్లు దీనికి ఎక్కువగా దొరికిపోతారు. అక్కడ చట్టం ప్రకారం బ్యాంకు కొద్దిరోజుల్లోనే డబ్బు వాడుకోనిస్తుంది, చెక్కు నకిలీదని తేలడానికి మాత్రం వారాలు పట్టొచ్చు.

ఎలా అమ్మినా లాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబరు ఫొటో, తీసుకున్న మనిషి పేరు రాసి సంతకం పెట్టిన చిన్న రసీదు, చాట్ మొత్తం దాచుకోండి. కార్డో పేపాలో అయితే ఆ 120, 180 రోజులు గడిచేదాకా వాటిని తీసెయ్యకండి.